వానలు పట్టకముందే ఒకసారి మేడెక్కి చూడండి

మన నెల్లూరుకు అసలు వానాకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మిగతా వాళ్లకు వానలు తగ్గుముఖం పట్టాక మనకు మొదలవుతాయి, వాయుగుండం పట్టిందంటే నాలుగు రోజులు వదలదు. 2015 నవంబరు, 2021 నవంబరు వరదలు ఎవరూ మర్చిపోయుండరు. ఆ నీళ్లు తీశాక వచ్చే జ్వరాల్లో మలేరియా గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే దీని విషయంలో మనం తప్పు చోటును తిడుతున్నాం.

జ్వరం రాగానే మురుగు కాలవ మీద పడతాం కదా, ఆ కంపు నీళ్లలో పెరిగేది ఎక్కువగా క్యూలెక్స్ దోమ, బోదకాలు తెచ్చేది. మలేరియా తెచ్చే ఆడ అనాఫిలిస్‌కు కాస్త శుభ్రమైన నీళ్లు కావాలి. మేడ మీద ట్యాంకు, మూత సరిగా పడని సంపు, వాడని బావి, ఇల్లు కడుతున్న చోట నీళ్లు నింపి పెట్టిన తొట్టి, ఊళ్లలో అయితే వరి మళ్లు, పారకుండా నిలిచిపోయిన పంట కాలవలు. కొబ్బరి చిప్పలు, టైర్లు డెంగీ దోమకు ఇష్టం, అవీ పారెయ్యండి గానీ అంతటితో పనైపోయిందనుకోవద్దు. మలేరియా అనే పేరుకే చెడ్డ గాలి అని అర్థం. 1897 ఆగస్టులో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసి ఇన్నేళ్లయినా మనం ఇంకా కంపునే తిడుతున్నాం.

నేనేమీ తక్కువ తినలేదు. ఒక గాలివానకు ట్యాంకు మూత ఎగిరిపోతే పాత దుప్పటి కప్పి ఇటుకలు పెట్టి ఊరుకున్నా. మూడు వారాల తర్వాత టార్చి వేసి చూస్తే నీళ్ల మీద పుల్లముక్కల్లా అడ్డంగా పడుకుని దోమ పిల్లలు! క్యూలెక్స్ పిల్లలైతే తలకిందులుగా వేలాడతాయి, ఇవి అలా కాదు. గుడ్డు దోమై ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది, అందుకే వారానికోసారి తొట్లు ఖాళీ చేసి ఆరబెట్టమనేది. ట్యాంకుకు గట్టి మూత, గాలి గొట్టానికి సన్నటి వల కట్టండి. పారబొయ్యలేని బావిలో దోమ పిల్లలను తినే గంబూసియా చేపలు వదలమని మలేరియా సిబ్బందిని అడగండి.

ఇంకో సంగతి, దోమ పుట్టుకతోనే మలేరియా తేదు. జబ్బున్న మనిషిని కుట్టి, ఆ క్రిమి దాని ఒంట్లో ఇంచుమించు పది పదిహేను రోజులు పెరిగాక ఇంకొకరిని కుడితే అంటుకుంటుంది. కాబట్టి జ్వరం వచ్చిన మనిషే ముందు దోమతెరలో పడుకోవాలి. ముట్టుకుంటేనో, ఎంగిలి తింటేనో రాదు.

చలి, వణుకు, తర్వాత మండే జ్వరం, తర్వాత చెమటలు, ఈ వరసలో వస్తే పారాసిటమాల్ మింగి కూర్చోకండి, అదే రోజు రక్తపరీక్ష చేయించండి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే, ఆశా కార్యకర్తను అడిగినా చెబుతుంది. మా నాయనకు వైవాక్స్ అనే రకం మలేరియా వచ్చింది. మూడు రోజుల క్లోరోక్విన్‌కు జ్వరం తగ్గిందని, పద్నాలుగు రోజులు వాడాల్సిన ప్రైమాక్విన్ ఐదో రోజుకే మానేశాడు, కడుపులో మంటట. రెండు నెలలకు మళ్లీ అదే వణుకు. వైవాక్స్ కాలేయంలో దాక్కుంటుంది, దాన్ని చంపేది ఆ రెండో మందే. గర్భిణులకు, రక్తంలో జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకు అది ప్రమాదం, డాక్టరు చెప్పకుండా ఎవరి బిళ్లలు ఎవరూ మింగొద్దు. ఇంకో రకం, ఫాల్సిపారం మలేరియా అయితే అసలు ఆలస్యం పనికిరాదు. మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, మూత్రం నల్లగా వచ్చినా పెద్దాసుపత్రికి పరుగెత్తాల్సిందే.

ఈ దోమ కుట్టేది పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా, కాబట్టి నాకు ఎక్కువ భయం రొయ్యల గుంటల దగ్గర కాపలా పాకల్లో పడుకునేవాళ్ల గురించి. వాళ్లకు ఫ్యాన్ ఉండదు, తలుపు ఉండదు, దోమతెర ఒక్కటే దిక్కు. గుంట యజమానులు కూలితో పాటు ఒక తెర కొనిస్తే పోయేదేం లేదు. మందు పూసిన తెరను మామూలు సబ్బుతో మెల్లగా ఉతికి నీడలో ఆరెయ్యాలి. ఉతికిన నీళ్లు మాత్రం గుంటలో గానీ కాలవలో గానీ పోయకండి, ఆ మందు రొయ్యలను కూడా చంపేస్తుంది.