డ్రోన్ సర్వే ఫొటోలకు ఎలాంటి కంప్యూటర్ కొనాలి?

షాపుకెళ్లి "డ్రోన్ పనికి మంచి సిస్టమ్ కావాలి" అని అడిగితే గేమింగ్ పీసీ అంటగట్టే అవకాశమే ఎక్కువ. సగం డబ్బు గ్రాఫిక్స్ కార్డుకే పోతుంది. ఫొటోలన్నీ కలిపి మ్యాపు చేసే పని మధ్యలో ఆగిపోయేది మాత్రం చాలాసార్లు ర్యామ్ చాలకే. కాబట్టి ముందు లెక్క, తర్వాతే షాపు.

1. ఎన్ని ఫొటోలు వస్తాయో తేల్చుకోండి

100 ఎకరాల పొలం ఉందనుకుందాం. ఫాంటమ్ 4 ఆర్‌టీకే లాంటి 20 మెగాపిక్సెల్ డ్రోన్‌ను 100 మీటర్ల ఎత్తులో ఎగరేస్తే ఒక్కో ఫొటోలో సుమారు 150 మీటర్లు ఇటు, 100 మీటర్లు అటు నేల పడుతుంది. ఒక పిక్సెల్ అంటే నేల మీద 2.7 సెంటీమీటర్లు. ఓవర్‌ల్యాప్ (ఒక ఫొటోలో పడ్డ నేల పక్క ఫొటోలోనూ పడే భాగం) ముందు 80 శాతం, పక్కలకు 70 శాతం పెడితే 20 మీటర్లకో ఫొటో, 45 మీటర్లకో లైను వస్తాయి. అంటే ఒక్కో ఫొటోకు కొత్తగా కలిసే నేల 900 చదరపు మీటర్లు. ఆ లెక్కన 100 ఎకరాలకు 450 ఫొటోలు, అంచులు కలుపుకుంటే 500.

క్లయింట్ ఇంకా క్లియర్‌గా కావాలన్నాడని 50 మీటర్లకు దించారా, ఫొటోలు నాలుగింతలవుతాయి. రేటు మాట్లాడేటప్పుడే ఈ సంగతి చూసుకోవాలి.

2. దానికి తగ్గ ర్యామ్ తీసుకోండి

ఫొటోలు కలిపి మ్యాపు చేసే, ఉచితంగా దొరికే ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ సాఫ్ట్‌వేర్ వాళ్లిచ్చిన లెక్క ఇది: స్వాప్‌తో (ర్యామ్ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు) కలిపి 250 ఫొటోలకు 16 జీబీ, 500కు 32, 1500కు 64, 2500కు 128. మన పొలానికి 32 చాలు. అయినా నేనైతే 64 కొని, మరో రెండు స్లాట్లు ఖాళీగా ఉండే మదర్‌బోర్డు చూసుకోమంటాను.

విండోస్‌లో డాకర్ (ప్రోగ్రాములను విడిగా ఓ డబ్బాలో పెట్టినట్టు నడిపే సాఫ్ట్‌వేర్) మీద వెబ్‌ఓడీఎం (ఓపెన్‌డ్రోన్‌మ్యాప్‌ను బ్రౌజర్లో వాడుకునే రూపం) నడిపేవాళ్లకు ఇక్కడో మెలిక ఉంది. డాకర్ వాడుకునే డబ్ల్యూఎస్ఎల్ 2 (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) మామూలుగా సగం ర్యామే వాడుకోనిస్తుంది. మీరు 32 పెట్టినా దానికి అందేది 16. రాత్రంతా నడిచి, తెల్లారి చూస్తే 137 అనే కోడ్‌తో ఆగిపోయి ఉంటే ముందు మెమరీనే అనుమానించండి. డబ్ల్యూఎస్ఎల్ కాన్ఫిగ్ ఫైల్లో మెమరీ పరిమితి పెంచి, డబ్ల్యూఎస్ఎల్‌ను పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. అప్పటికీ చాలకపోతే ఫొటోలను ముక్కలుగా విడగొట్టి, చివర్లో కలిపే స్ప్లిట్ ఆప్షన్ వాడండి.

3. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు

ఎనిమిది కోర్ల ప్రాసెసర్‌తో పని నడుస్తుంది. మ్యాపు చేసే మరో సాఫ్ట్‌వేర్ మెటాషేప్ ఎన్విడియా, ఏఎండీ కార్డులు రెండింటినీ వాడుకుంటుంది. ఓపెన్‌డ్రోన్‌మ్యాప్‌కు మాత్రం ఎన్విడియాయే తీసుకోండి.

4. డిస్కు

ఫొటోకు 8 ఎంబీ చొప్పున 500 ఫొటోలు 4 జీబీయే. మధ్యలో తయారయ్యే ఫైళ్లు మాత్రం దానికి ఎన్నో రెట్లు ఉంటాయి. చివరి ఆర్థోమొజాయిక్ (ఫొటోలన్నీ కలిపి చేసిన మ్యాపు) ఒక్కటే 54 కోట్ల పిక్సెళ్లు, కంప్రెస్ చేయకపోతే 2 జీబీ దాటుతుంది. పని జరిగే చోట 1 టీబీ ఎన్‌వీఎంఈ (వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ) పెట్టుకుని, పాత ప్రాజెక్టులను మామూలు హార్డ్ డిస్కులోకి తోసేయండి. ఫ్యాట్ 32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, దాన్ని ముందే ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చుకోండి.

5. బ్యాకప్, కరెంటు

ఎస్‌డీ కార్డు ఫార్మాట్ చేసే ముందు ఫొటోలు రెండు వేర్వేరు డిస్కుల్లోకి చేరాయా, సంఖ్య సరిపోయిందా చూడండి. ఫొటోలు, గ్రౌండ్ కంట్రోల్ పాయింట్ల (నేల మీద కచ్చితంగా కొలిచి పెట్టుకున్న గుర్తులు) ఫైలు ఎప్పటికీ దాచాలి. మధ్యలో వచ్చిన ఫైళ్లు, పని క్లయింట్‌కు అప్పగించాక తీసేయొచ్చు. రాత్రిపూట ప్రాసెసింగ్ పెట్టి పడుకునేవాళ్లు యూపీఎస్ కూడా ఈ బడ్జెట్‌లోనే కలుపుకోండి.