రెండు స్కోపులూ నార్మల్, అయినా రక్తం తగ్గుతోందా? చిన్నపేగు చూడాల్సిందే

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో హిమోగ్లోబిన్ పడిపోతే ముందు కిడ్నీనే అనుమానిస్తారు. సహజమే. కానీ ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే రక్తపరీక్ష) కూడా తక్కువగా ఉంటే ఎక్కడో రక్తం పోతోందేమో వెతకాలి. కిడ్నీ జబ్బులో ఫెరిటిన్ పైకి బాగానే కనిపించొచ్చు, అందుకని ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఇనుము మోసే ప్రొటీన్ ఎంత నిండిందో చెప్పే పరీక్ష) కూడా చూడండి. 20 శాతం లోపుంటే ఇనుము లోటే. కొంకిపురుగులకు మాత్ర వేసి, ఐరన్ ఇచ్చినా మళ్లీ తగ్గుతుంటే ఆగకండి. ఐరన్ మాత్రలకూ మలం నల్లబడుతుంది; తారులా జిగటగా, కంపు కొడుతుంటే రక్తమే అనుకోండి.

ముందు పాత రిపోర్టులు తీయండి. నోటి నుంచి వేసే పొట్ట స్కోపు మామూలుగా చిన్నపేగు మొదలైన డుయోడినంలో రెండో భాగం దాకానే వెళ్తుంది. కొలనోస్కోపీలో (మలద్వారం నుంచి వేసే పెద్దపేగు స్కోపు) ఇలియం, అంటే చిన్నపేగు ఆఖరి భాగం, చివర చూశారని రాసి ఉందా? రాయకపోతే చూడనట్టే లెక్క. చిన్నపేగులో అడినోకార్సినోమా (లోపలి పొరలో పుట్టే క్యాన్సర్) డుయోడినంలోనే ఎక్కువ, న్యూరోఎండోక్రైన్ గడ్డలు (హార్మోన్లు తయారుచేసే కణాల గడ్డలు) ఇలియం చివర ఎక్కువ. ఈ రెండు కొసలూ నిదానంగా మళ్లీ చూడటం వృథా కాదు.

మధ్యలో మీటర్ల కొద్దీ పేగు మిగిలింది. తిన్నాక బొడ్డు చుట్టూ మెలిపెట్టడం, వాంతులు ఉంటే క్యాప్సూల్ (మింగే చిన్న కెమెరా) ముందే మింగించకండి. ఇరుకు దగ్గర ఇరుక్కుంటే ఆపరేషన్ దాకా పోవచ్చు. మొదట సీటీ ఎంటిరోగ్రఫీ (చిన్నపేగు కోసం చేసే సీటీ స్కాన్). దానికి ఒకటిన్నర లీటరు మానిటాల్ నీళ్లు సుమారు గంటలో తాగించి పేగును ఉబ్బిస్తారు. గబగబా తాగినా, సగమే తాగినా ముడుచుకున్న పేగు గడ్డలా కనిపించి మోసం చేస్తుంది. స్కాన్ రంగుమందు (కాంట్రాస్ట్) ఎక్కించే ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి. బాగా ఎక్కువుంటే ఎంఆర్ ఎంటిరోగ్రఫీ (అదే పరీక్ష ఎంఆర్ఐతో) గురించి అడగండి.

క్యాప్సూల్‌కు వారం ముందే ఐరన్ ఆపాలి, లేకపోతే కెమెరాకు నలుపే కనిపిస్తుంది. పేగు శుభ్రానికి పెగ్ పొడి (విరేచనాల మందు) 2 లీటర్ల నీళ్లలో. కిడ్నీ రోగికి సోడియం ఫాస్ఫేట్ విరేచన మందు వద్దు. క్యాప్సూల్ బయటికి వచ్చేదాకా ఎంఆర్ఐ చేయకూడదు.

క్యాప్సూల్ చూపించగలదే గానీ పరీక్షకు పేగు ముక్క (బయాప్సీ) తీయలేదు. అందుకు బెలూన్ ఎంటిరోస్కోపీ (బెలూన్ సాయంతో చిన్నపేగు లోపలికి వెళ్లే పొడవాటి స్కోపు) కావాలి. విశాఖ బయలుదేరే ముందే ఆ పరికరం ఉందో లేదో ఫోన్‌లో కనుక్కోండి. అనుమానమున్న చోటు చిన్నపేగు పైభాగంలో ఉంటే నోటి నుంచి, కింద ఉంటే మలద్వారం నుంచి స్కోపు వేస్తారు. 6 నుంచి 8 ముక్కలు తీసి, పక్కనే సిరాతో గుర్తు పెడితే సర్జన్‌కు వెతుకులాట తప్పుతుంది. ముక్కలన్నీ ఫార్మలిన్‌లో (ముక్క చెడకుండా ఉంచే ద్రవం) వేస్తే టీబీ కల్చర్‌కు (క్రిములను పెంచి చూసే పరీక్ష) పనికిరావు. రెండైనా సెలైన్‌లో విడిగా పంపాలి. జిస్ట్ అనే రకం గడ్డ పేగు లోపలి పొర కింద ఉంటుంది కనుక ముక్కలో ఏమీ రాకపోవచ్చు, పైగా రక్తం కారొచ్చు. సీటీలో స్పష్టంగా ఉంటే సర్జన్‌తో నేరుగా మాట్లాడటమే మేలు.

ఇలియంలో టీబీ, క్యాన్సర్ ఒకేలా కనిపిస్తాయి. రుజువు లేకుండా టీబీ మందులు మొదలుపెడితే రెండు మూడు నెలలకు మళ్లీ స్కోపు వేయించండి. పుండు మానకపోతే మళ్లీ ముక్క తీయాలి.