సన్‌బోర్డు వద్దు, ముందు కాటా కొనండి

తెనాలిలో నాది ఫ్లెక్సీలు, స్టిక్కర్లు వేసే షాపు. ప్రాజెక్టుల సీజన్ రాగానే ఇంజినీరింగ్ కుర్రాళ్లు వచ్చి "అన్నా, రిమోట్ విమానం చేయాలి, సన్‌బోర్డు ఉందా?" అంటారు. అమ్మితే నాకు లాభమే, కానీ దీనికి మాత్రం అమ్మను. సన్‌బోర్డు అంటే పీవీసీ. నేమ్‌బోర్డులకు బ్రహ్మాండంగా పనికొస్తుంది, రెక్కలకు బరువు. "ఫోమ్‌బోర్డు (రెండు వైపులా పేపరు, మధ్యలో ఫోమ్ ఉండే అట్ట) తీసుకో, దారిలో ఒక చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొనుక్కో" అని చెప్పి పంపిస్తాను. వంటింట్లో వాడేది, గ్రాముల్లో చూపించేది చాలు. రిమోట్ విమానం మొదలుపెట్టేవాళ్లు మోటారు గురించి, రంగుల గురించి అడుగుతారు. రెండూ చివరికి తూకం లెక్కలోకే వస్తాయి.

మొదటి విమానం తేజస్ లాగానో రఫేల్ లాగానో ఉండాలని పట్టు పట్టకండి. రెక్క బాడీ పైన కూర్చునే, వెనక తోక ఉండే మామూలు ట్రైనర్ చేయండి. నేను చెప్పే సైజు ఇది: రెక్క 120 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు. బాడీ సుమారు 90 సెం.మీ. అడ్డ తోక 40 x 12. నిలువు తోక అందులో సగం.

రెక్క వైశాల్యం 2400 చదరపు సెంటీమీటర్లు, అంటే 24 చదరపు డెసీమీటర్లు. బ్యాటరీతో కలిపి విమానం 700 గ్రాములు తూగితే చదరపు డెసీమీటరుకు 29 గ్రాములు పడుతుంది. కొత్తవాళ్లు 35 దాటనివ్వకండి. దాటినకొద్దీ విమానం గాల్లో నిలబడాలంటే వేగం పెరగాలి, వేగం పెరిగితే మీకు ఆలోచించుకునే టైం తగ్గుతుంది. అంతకంటే పెద్ద సూత్రాలేవీ మొదట్లో అక్కర్లేదు.

5 మి.మీ. ఫోమ్‌బోర్డు స్టేషనరీ షాపుల్లో దొరుకుతుంది. ఒకే మందం ఉన్న బోర్డులు కూడా కంపెనీని బట్టి బరువు తేడాగా ఉంటాయి, అందుకే షాపులోనే చేత్తో ఎత్తి చూసి తేలికది ఏరుకోండి. కట్టర్‌కి కొత్త బ్లేడు వేయండి. మొద్దు బ్లేడు ఫోమ్‌ని కోయదు, పీకుతుంది.

రెక్కకి కింద ఒక బోర్డు, పైన ఒక బోర్డు, మధ్యలో దన్ను. ముందు అంచు నుంచి మూడో వంతు దూరంలో 14 మి.మీ. ఎత్తున్న ఫోమ్ పట్టీ నిలబెట్టి, దానికి ఆనించి వెదురు బద్ద గానీ 6 మి.మీ. కార్బన్ ట్యూబు గానీ అంటించండి. పై బోర్డు లోపలి పేపరు మీద రెక్క పొడవునా గీతలు పెట్టి బల్ల అంచుకేసి లాగితే వంపు తిరుగుతుంది. కింద చదును, పైన వంపు. 1922 నాటి క్లార్క్ వై అనే రెక్క ఆకారం దాదాపు ఇదే, ట్రైనర్లకు ఇప్పటికీ దాన్నే వాడతారు.

రెండు అర రెక్కల్నీ మధ్యలో 3 మి.మీ. ప్లైవుడ్ ముక్కతో కలపండి. ఒక రెక్కను బల్ల మీద ఆనించి పట్టుకుంటే రెండో రెక్క కొస 12 సెం.మీ. పైకి లేవాలి. ఈ వాలు ఉంటే విమానం పక్కకి ఒరిగినా తనంతట తనే సర్దుకుంటుంది, రెక్కల మీద ఐలరాన్లు (వెనక అంచున కదిలే పలకలు) లేకుండానే రడ్డర్‌తో (నిలువు తోక మీద కదిలే పలక) తిరుగుతుంది. రెండు సర్వోలు (పలకల్ని కదిపే చిన్న మోటార్లు) చాలు, రడ్డర్‌కి ఒకటి, ఎలివేటర్‌కి (అడ్డ తోక మీద కదిలే పలక) ఒకటి. ఐలరాన్లు రెండో విమానానికి పెట్టుకోవచ్చు.

రడ్డర్, ఎలివేటర్ కదిలేచోట బోర్డును ఒక వైపు పేపరు వదిలి 45 డిగ్రీల వాలుగా కోస్తే అదే మడతబందు అవుతుంది. పైన ఒక వరస టేపు వేయండి.

జిగురు దగ్గర చాలామంది బరువు పెంచేస్తారు. హాట్ గ్లూ గన్ త్వరగా పట్టుకుంటుందని చేయి ఆపరు. పెద్ద జాయింట్లకు ఫెవికాల్ పల్చగా రాసి రాత్రంతా బరువు పెట్టి ఉంచండి, తెల్లారేసరికి నీళ్లు పోయి తేలికవుతుంది. మోటారు బిగించే చెక్క, సర్వోల దగ్గర మాత్రం గ్లూ గన్ వాడండి. సూపర్ గ్లూ, రబ్బరు జిగుర్లు పేపరు లేని ఫోమ్‌కి తగిలితే కరిగించేస్తాయి. ఇంకోటి, మే నెలలో ఎండలో పెట్టిన కారులో విమానం వదిలేస్తే హాట్ గ్లూ మెత్తబడి రెక్క వంకర పోతుంది.

ఇక రంగు. ఇది నా సొంత ఫీల్డు కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను.

స్ప్రే క్యాన్ కొట్టాలని అందరికీ ఉంటుంది. అందులోని సాల్వెంట్ బోర్డు అంచుల్లో, కోసినచోట ఫోమ్‌ని తినేస్తుంది. థర్మోకోల్ మీద కొడితే గుంటలు పడతాయి. స్టేషనరీలో దొరికే యాక్రిలిక్ రంగులు నీళ్లతో పలచన చేసి స్పాంజితో అద్దండి. పోస్టర్ కలర్లు వద్దు, పొద్దున మంచు గడ్డిలో దిగితే చేతికి అంటుకుపోతాయి. తడి రంగు ఒక వైపే వేస్తే పేపరు సాగి, ఆరాక బోర్డు విల్లులా వంగుతుంది. రెండు వైపులా ఒకేసారి పల్చగా వేయండి. నల్ల రంగు మన ఎండలకు పనికిరాదు, వేడి లాగి ఫోమ్ ఉబ్బుతుంది.

రంగు అందం కోసం కాదు, దూరంలో ఉన్న విమానం ఎటు తిరిగి ఉందో మీ కంటికి తెలియడం కోసం. రెక్క పైన ఎరుపో నారింజో ఒకే ముద్దగా వేయండి. కింద తెలుపు వదిలి, అడ్డంగా రెండు మూడు వెడల్పాటి నీలం పట్టీలు వేయండి. ఎగిరేటప్పుడు పై భాగమా కింది భాగమా అనేది వెంటనే పోల్చుకోవచ్చు. కలర్ ప్యాకింగ్ టేపు రంగు కంటే సులువు, నీళ్లకు రక్షణ కూడా. నా షాపులోని వినైల్ స్టిక్కర్ మాత్రం రెక్కంతా వేయకండి, చిన్న నంబరు, పేరు వరకు చాలు.

తోక మీద మరీ జాగ్రత్త. తోక బ్యాలెన్స్ పాయింట్‌కి 60 సెం.మీ. వెనక, మోటారు 20 సెం.మీ. ముందు ఉంటే, తోక మీద 20 గ్రాముల రంగుకి ముక్కులో 60 గ్రాములు పెట్టాల్సి వస్తుంది. మొత్తం 80 గ్రాములు, అదీ రంగు కోసం! ప్రతి పొర ముందూ తర్వాతా కాటా మీద పెట్టండి.

పవర్‌కి నా సెట్ ఇది: ఏ2212 1000కేవీ బ్రష్‌లెస్ మోటారు, 10 x 4.5 అంగుళాల ప్రొపెల్లర్, 30 ఆంప్స్ ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసేది), 3ఎస్ 2200 ఎంఏహెచ్ లైపో (మూడు సెల్‌ల లిథియం బ్యాటరీ). కేవీ అంటే లోడు లేనప్పుడు ఒక్క వోల్టుకి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె. కేవీ పెరిగితే ప్రొపెల్లర్ చిన్నదవ్వాలి. 2200కేవీ మోటారుకి 10 అంగుళాలది బిగిస్తే మోటారో ఈఎస్‌సీయో కాలిపోతుంది. మోటారు వెనక్కి తిరుగుతుంటే మూడు వైర్లలో ఏ రెండైనా మార్చండి. మోటారుని రెండు మూడు డిగ్రీలు కిందికి, అంతే కుడికి వంచి బిగించండి. బల్ల మీద పరీక్షలన్నీ ప్రొపెల్లర్ తీసేసి చేయాలి, ఇందులో బేరాల్లేవు.

గాల్లో సగటున 8 ఆంప్స్ లాగుతుందనుకుంటే, బ్యాటరీలో 80 శాతం వాడితే 13 నిమిషాలు వస్తాయి. మీరు టైమర్ 8 నిమిషాలకు పెట్టుకోండి. లైపో ఒక్కో సెల్ నిండుగా 4.2 వోల్టులు. 3.5కి వచ్చిందంటే దింపేయాలి. ఛార్జింగ్ 1సీ దగ్గర, అంటే దీనికి 2.2 ఆంప్స్, బ్యాలెన్స్ వైరు (సెల్‌లన్నీ సమంగా నిండేలా చూసేది) తగిలించే. గచ్చు మీదో ఇటుకల మీదో పెట్టి మనిషి పక్కన ఉండగానే చేయాలి. ఉబ్బిన ప్యాక్‌ని "ఇంకోసారి వాడదాంలే" అనుకోవద్దు.

డబ్బు ఎక్కువ పెట్టాల్సింది ట్రాన్స్‌మిటర్ (చేతిలో పట్టుకునే రిమోట్) మీద. విమానాలు విరుగుతాయి, అది మిగులుతుంది. ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6 ఆరు ఛానళ్లది మొదటివాళ్లకు సరిపోతుంది, కంప్యూటర్‌కి కేబుల్ కలిపి సిమ్యులేటర్‌లో కూడా ఆడుకోవచ్చు. సిగ్నల్ పోతే మోటారు ఆగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, ట్రాన్స్‌మిటర్ ఆపి చూసి నిర్ధారించుకోండి.

అన్నీ బిగించాక ముందు అంచు నుంచి 6 సెం.మీ. దగ్గర రెక్క కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తండి. ముక్కు కాస్త కిందికి వాలాలి. తోక వాలితే బ్యాటరీ ముందుకి జరపండి, అది కుదిరేదాకా ఎగరేయొద్దు.

ఎక్కడ ఎగరేయాలి? 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం విమానాశ్రయం సరిహద్దు నుంచి 12 కి.మీ. వరకు ఆంక్షలు ఉంటాయి. ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ చోటు ఎరుపా, పసుపా, ఆకుపచ్చా చూసుకోండి. ఆకుపచ్చలో 400 అడుగుల లోపు. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమానాశ్రయాల మధ్య ఉండే హైదరాబాద్ వాళ్లకు ఊరు దాటక తప్పదు. మా వైపు వరి కోసేశాక పొలం ఖాళీ అనుకుంటారు, అందులో మినుము మొలిచి ఉంటుంది. రైతుని అడగకుండా విమానం కోసం చేలో దిగితే తిట్లు తప్పవు. ఎండిన చెరువు మేలు, గట్టు మీద కరెంటు తీగలు లేకపోతే.

పొద్దున 6 నుంచి 8 లోపు గాలి నెమ్మదిగా ఉంటుంది. గాలికి ఎదురుగా నిలబడి, మూడొంతుల థ్రాటిల్‌తో (మోటారు పవర్), రెక్క సమంగా ఉంచి ముందుకి నెట్టి వదలండి. పైకి విసరొద్దు. కుదిరితే విసిరేది ఇంకొకరు, స్టిక్ మీద చేతులు మీవి. రెండు మూడు అంతస్తుల ఎత్తు వచ్చేదాకా తిప్పొద్దు. విమానం మీ వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. ఏ రెక్క వాలుతోందో స్టిక్ అటు నెట్టండి, సరి అవుతుంది. దింపేటప్పుడు మళ్లీ గాలికి ఎదురుగా రండి, నేలకి మీటరు ఎత్తులో మోటారు ఆపి ఎలివేటర్ కొద్దిగా లాగండి. బ్యాటరీ చల్లారాకే మళ్లీ ఛార్జింగ్. ఆ వారంలో ఎగరేయకపోతే ఛార్జర్‌లో స్టోరేజ్ మోడ్ పెట్టి సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఆపేయండి.