సొంత పని చేసుకునేవాళ్ల పింఛను - 4వ పాఠం: ఖర్చు తక్కువ బ్రోకరును ఎంచుకోవడం

గత పాఠంలో ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) ఖాతా తెరిచాం. అందులో వేయగా మిగిలిన డబ్బుతో నిఫ్టీ ఈటీఎఫ్ (నిఫ్టీ సూచీలోని షేర్లన్నీ కలిపి ఉండే, షేరులాగే బ్రోకరు ద్వారా మార్కెట్లో కొనే ఫండ్) కొనాలనుకునేవారికే ఈ పాఠం. అదే సూచీని అనుసరించే మామూలు ఇండెక్స్ ఫండ్ చాలనుకుంటే బ్రోకరే అక్కర్లేదు. 2013 జనవరి నుంచి ఏజెంటు కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్లు ఉన్నాయి, డీమ్యాట్ (షేర్లు, ఈటీఎఫ్‌లు దాచుకునే ఖాతా) లేకుండా ఫండ్ సంస్థ దగ్గరే కొనుక్కోవచ్చు. మా లెక్కలో చాలామందికి అదే మేలు.

ఇక టారిఫ్ షీట్, అంటే బ్రోకరు ఛార్జీల పట్టిక. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారికైనా, విజయవాడ ఆటోనగర్‌లో లేతు మిషన్ పెట్టుకున్నవారికైనా నెల జీతం లేదు. సీజన్‌లో ఒకేసారి 40,000 పెట్టగలరు, మరో నెల 2,000 మించి కుదరదు. బ్రోకరు ఖర్చును ఈ రెండు మొత్తాల మీదా వేసి చూడాలి.

ఆర్డరుకు 20 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 23.60. నలభై వేల మీద అది 0.06 శాతం లోపే. రెండు వేల మీద 1.18 శాతం! అరండల్‌పేటలోనో గవర్నర్‌పేటలోనో ఉన్న ఏజెంటు 0.5 శాతం అడిగితే ఇవే మొత్తాలకు 236, 11.80 రూపాయలు. అంటే 4,000 దాటితే 20 రూపాయల బ్రోకరు చవక, ఆ లోపు శాతం బ్రోకరు చవక. కానీ షీటులో ‘ఏది తక్కువైతే అది’ అని ఉందా, ‘కనీసం ఇంత’ అని ఉందా చూడండి. ‘కనీసం’ అనే మాట ఉంటే చిన్న ఆర్డర్లకు శాతం లెక్క పనికిరాదు. కొనడానికి బ్రోకరేజీ సున్నా అనేవారూ ఉన్నారు. స్టాంపు డ్యూటీ మాత్రం ఎవరి దగ్గరైనా ఒకటే, కొనుగోలుపై 0.015 శాతం.

అమ్మేటప్పుడు డీపీ ఛార్జి (డీమ్యాట్ నుంచి యూనిట్లు బయటికి తీసినందుకు రుసుము) పడుతుంది. అది ఎన్ని యూనిట్లు అమ్మారన్న దాన్ని బట్టి కాదు, ఒక్కో ఈటీఎఫ్‌కు రోజుకు ఒకసారి చొప్పున. అరవై ఏళ్ల తర్వాత నెలనెలా కొంచెం అమ్ముకుందామనుకునేవారు మూడు నెలలకు సరిపడా ఒకేరోజు అమ్ముకుంటే ఆ ఛార్జిలో మూడింట రెండొంతులు మిగులుతుంది.

డీమ్యాట్ వార్షిక రుసుము దగ్గర చాలామంది ఊరకే డబ్బు పోగొట్టుకుంటారు. 2024 సెప్టెంబరు నుంచి బేసిక్ డీమ్యాట్ ఖాతాలో (చిన్న మదుపరుల కోసం ఉన్న తక్కువ రుసుము ఖాతా) 4 లక్షల విలువ వరకు రుసుము లేదు, 10 లక్షల వరకు ఏడాదికి 100 రూపాయలు, జీఎస్టీ అదనం. షరతు ఒకటే. మొదటి పేరు మీదిగా ఉన్న డీమ్యాట్ మొత్తం మీద ఒక్కటే ఉండాలి. ఎప్పుడో ఐపీఓ కోసం తెరిచి మరిచిపోయిన ఖాతా ఉంటే ఈ సౌకర్యం దక్కదు. ముందు దాన్ని మూయించండి. అందులో ఉన్నవన్నీ మీ పేరునే ఉన్న మరో డీమ్యాట్‌కు మార్చి ఖాతా మూస్తే బదిలీకి ఛార్జి వేయకూడదు.

దరఖాస్తు ఎక్కువగా ఆగేది బ్యాంకు ఖాతా దగ్గర. దుకాణం పేరుతో ఉన్న కరెంట్ ఖాతా ఇస్తే పాన్‌లోని పేరుతో కలవక తిరిగొస్తుంది. మీ సొంత పేరున్న సేవింగ్స్ ఖాతానే ఇవ్వండి.

చవక అని డబ్బు ఎవరికో కట్టబెట్టొద్దు. హైదరాబాద్‌లోని కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఖాతాదారుల షేర్లను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చిందని 2019 నవంబరులో షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చర్య తీసుకుంది. కాబట్టి సెబీ వెబ్‌సైటులో రిజిస్ట్రేషన్ నంబరు సరిచూడండి. నగదు ఇవ్వకండి, ఏజెంటు సొంత యూపీఐకి అసలే పంపకండి. బ్రోకరు అసలైన యూపీఐ చిరునామాలో ‘బీఆర్‌కే’, ‘వ్యాలిడ్’ అనే మాటలు ఉంటాయి. కొనని డబ్బు బ్రోకరు దగ్గర ఉంచకుండా బ్యాంకుకు వెనక్కి తెప్పించుకోండి. కొన్న, అమ్మిన నెలలకు డిపాజిటరీ (డీమ్యాట్ ఖాతాల అసలు లెక్క ఉంచే సంస్థ) నుంచి వచ్చే స్టేట్‌మెంటులో మీ యూనిట్లు కనబడాలి. బ్రోకరు యాప్‌లో కనబడితే చాలదు.

వచ్చే పాఠంలో ఈటీఎఫ్‌కు లిమిట్ ఆర్డరు ఎలా పెట్టాలో చెబుతాం. ఆ లోపు ముగ్గురు బ్రోకర్ల టారిఫ్ షీట్లు తీసి, మీ సీజన్ మొత్తానికి, మీ చిన్న మొత్తానికి విడివిడిగా ఏడాది ఖర్చు రాసుకోండి.