స్టే కావాలంటే ముందు మీ చేను హద్దులు చెప్పండి

శుక్రవారం సాయంత్రం అయిదు దాటాక ఫోన్ మోగిందంటే సగం సంగతి నాకు అర్థమైపోతుంది. "అన్నా, మా చెలకల కడీలు పాతుతున్నరు, రేపు జేసీబీ కూడ తెస్తరట. స్టే దొరుకుతదా?" కడీలంటే కంచెకు పాతే రాతి స్తంభాలు. కోర్టు సెలవులు వకీళ్లకంటే కబ్జా చేసేవాళ్లకే బాగా గుర్తుంటాయి.

హనుమకొండ అదాలత్ దగ్గర ఒక వకీలు ఆఫీసులో నేను పద్దెనిమిదేళ్లుగా గుమస్తాను. వాదించేది సారు. టైపు చేయించడం, ఫైలింగ్, కాపీలు, పోస్టు నా పనులు. అందుకే ఇక్కడ రాసేది వాదనల గురించి కాదు, కాగితాల గురించి. నేను చూసినంతలో చాలా పిటిషన్లు దెబ్బతినేది కాగితాల దగ్గరే.

అందరూ స్టే అంటారు కానీ దీని పేరు టెంపరరీ ఇంజంక్షన్. ముందు దావా, అంటే ఓఎస్, వేయాలి. దానితోపాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డర్, 1, 2 రూల్స్ కింద ఒక ఐఏ, అంటే దావా నడిచేలోపు ఆర్డర్ అడిగే పిటిషన్, దానికి మీ అఫిడవిట్. దావా లేకుండా ఉత్త ఐఏ నడవదు. జడ్జిగారు చూసేవి మూడు. మీ కేసులో పైకి కనిపించేంత బలం ఉందా? ఆర్డర్ ఇవ్వకపోతే ఎవరికి ఎక్కువ ఇబ్బంది? జరిగే నష్టం తర్వాత డబ్బుతో పూడేదేనా?

ఈ ఆర్డర్ భూమి ఎవరిదో తేల్చదు. ఈ రోజు భూమి మీద ఎవరున్నారో వాళ్లను కదల్చకుండా ఆపుతుంది, అంతే. కాబట్టి పట్టాదారు పాస్‌బుక్ ఒక్కటి పట్టుకొస్తే సరిపోదు, సాగు మీదేనని చూపించాలి. ఒకప్పుడు పహాణీలో, అంటే రెవెన్యూవాళ్ల భూమి రికార్డులో, అనుభవదారు (భూమి మీదున్న మనిషి) కాలమ్ ఉండేది, పని సులువుగా అయ్యేది. 2020లో ధరణి అనే ఆన్‌లైన్ భూమి రికార్డు వచ్చాక ఆ కాలమ్ పోయింది. ఇప్పుడు నేను అడిగేవి వేరు. పాత పహాణీల నకళ్లు, రైతుబంధు పడ్డ బ్యాంకు పుస్తకం, బోరు మోటారు కరెంటు బిల్లు, ఏనుమాముల మార్కెట్లో పత్తి అమ్మిన లెక్క చీటీలు, అంటే తక్‌పట్టీలు. తక్‌పట్టీని చాలామంది లెక్క చూసుకోగానే పారేస్తారు. దాచిపెట్టండి. ఫోటోల్లో మీ పంటతోపాటు కొత్తగా పాతిన కడీ కూడా కనబడాలి.

మీ హక్కు మీదే అవతలివాళ్లు గట్టి పేచీ పెడితే ఒట్టి ఇంజంక్షన్ దావా చాలదు, హక్కు ప్రకటించమని డిక్లరేషన్ కూడా అడగాలి. ఈ తేడాను సుప్రీంకోర్టు 2008లో వివరంగా చెప్పింది. ఆ కేసు కూడా మన వరంగల్ జాగాల గొడవే. అన్నదమ్ముల మధ్య పంచుకోని ఉమ్మడి భూమి అయితే దారి మళ్లీ వేరు. అక్కడ పంపకాల దావా గురించి సారుతో మాట్లాడుకోవాలి.

ఇక షెడ్యూల్. దావా చివరి పేజీలో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు ఉండే చోటు. నాకు దెబ్బ తగిలింది ఇక్కడే. మా మేనమామది ఎకరం పన్నెండు గుంటలు. సొంత మనిషి పని కదా అని రాత్రికి రాత్రే టైపు చేశాను. తూర్పు బాట, పడమర వాగు ఉండాల్సింది, తూర్పు వాగు, పడమర బాట అని కొట్టాను. మామ చూడకుండానే సంతకం పెట్టాడు, సారు కూడా గమనించలేదు. ఆర్డర్ వచ్చింది. దాన్ని తీసుకొని పోలీస్ స్టేషన్‌కు పోతే అవతలివాళ్లు నవ్వుతూ, "సార్, ఇందులో ఉన్న భూమి మాది కాదు, వాళ్లదీ కాదు, అసలు ఊర్లనే లేదు" అన్నారు. షెడ్యూల్ సవరించమని పిటిషన్ వేసి, అది అలౌ అయ్యేసరికి మూడు వారాలు గడిచాయి. ఈలోపు పద్నాలుగు కడీలు లేచాయి. పెళ్లిలోనో చావులోనో ఎక్కడ కనబడ్డా మామ ఇప్పటికీ "అల్లుడూ, పొద్దు ఎటు పొడుస్తది?" అని అడుగుతాడు.

ఆ రోజు నుంచి కాగితం చూసి హద్దులు రాయను. మనిషిని నిలబెట్టి అడుగుతాను. "పెద్దనాయనా, పొద్దు పొడిచే దిక్కు చూస్తూ నీ చేనులో నిలబడ్డవనుకో. ఎదురుంగ ఎవరిది? వీపు వెనుక ఎవరిది? ఎడమచేతి దిక్కు?" ఎడమచేయి ఉత్తరం, కుడిచేయి దక్షిణం. ఆయన చెప్పింది రాసుకొని తర్వాత రిజిస్ట్రీ దస్తావేజుతో పోల్చుతాను. పక్క చేను చేతులు మారి ఉంటే పాత పేరు, కొత్త పేరు రెండూ రాస్తాను. చేతితో గీసిన నక్షా ఒకటి దావాకు జత చేస్తాను.

ప్రతివాదుల పేర్లు కూడా అంతే. ఆర్డర్ ఎవరి మీద తెచ్చుకుంటే ప్రధానంగా కట్టుబడేది వాళ్లే. తండ్రి పేరు ఒక్కటే రాస్తే రేపు కొడుకు వచ్చి "నా పేరు లేదు కదా" అంటాడు. కడీలు ఎవరు పాతిస్తున్నారో అందరి పేర్లూ ఇవ్వండి.

మామూలుగా కోర్టు అవతలివాళ్లకు నోటీసు ఇచ్చాకే ఆర్డర్ ఇస్తుంది. ఆలస్యమైతే అడిగినదానికే అర్థం లేకుండా పోతుందనుకుంటే కారణాలు రాసి నోటీసు లేకుండానే ఇవ్వవచ్చు. అలా వచ్చిందని స్వీట్లు పంచుకుంటూ కూర్చోకండి. దావా, పిటిషన్, అఫిడవిట్, డాక్యుమెంట్ల నకళ్లన్నీ వెంటనే రిజిస్టర్డ్ పోస్టులో అవతలివాళ్లకు పంపాలి. పంపినట్టు అదే రోజు, లేదంటే మర్నాడు కోర్టులో అఫిడవిట్ వేయాలి. ఆర్డర్ రాగానే నేను ముందు ఉరికేది పోస్టాఫీసుకే. ఆ పిటిషన్‌ను 30 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని రూల్ ఉంది. ఆచరణలో వాయిదాలు పడతాయి. ప్రతి వాయిదాకు ఆర్డర్ పొడిగించారో లేదో డాకెట్‌లో, అంటే వాయిదా వాయిదాకు కోర్టు రాసే షీటులో, చూసుకోండి.

అఫిడవిట్‌లో దాపరికం వద్దు. ఇదే భూమి మీద పాత కేసు ఉన్నా, ఊరి పెద్దల ముందు కాగితం రాసుకున్నా సారుకు ముందే చెప్పండి. ముఖ్యమైన విషయంలో తెలిసి అబద్ధం చెప్పి ఆర్డర్ తెచ్చుకున్నారని తేలితే కోర్టు దాన్ని తీసేస్తుంది.

ఆర్డర్ ఉన్నా అవతలివాళ్లు చేనులో దిగితే కర్రలు పట్టుకొని పోకండి, వీడియో తీయండి. ఆర్డర్ ధిక్కరిస్తే 39వ ఆర్డర్ 2ఏ రూల్ కింద ఆస్తి జప్తు, మూడు నెలల దాకా సివిల్ జైలు ఉంటాయి. స్టేషన్‌లో "ఇది సివిల్ మ్యాటర్" అని పంపేస్తే పోలీస్ ఎయిడ్ ఇప్పించమని కోర్టులోనే ఇంకో పిటిషన్ వేయవచ్చు.

ఇప్పటికే మిమ్మల్ని భూమి మీదనుంచి వెళ్లగొట్టి ఉంటే ఈ దారి పనికిరాదు. స్వాధీనం తిరిగి ఇప్పించమనాలి. స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ 6వ సెక్షన్ కింద హక్కు జోలికి పోకుండా అలా అడగాలంటే వెళ్లగొట్టిన నాటినుంచి ఆరు నెలల్లోపు దావా పడాలి. మీ మీదే ఎవరైనా ఆర్డర్ తెస్తారని అనుమానముంటే కేవియట్, అంటే మాకు చెప్పకుండా ఆర్డర్ ఇవ్వొద్దని కోర్టుకు ముందే ఇచ్చే అర్జీ, వేసి పెట్టుకోండి, 90 రోజులు పనిచేస్తుంది.

ఫీజుకు జంకేవాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోవచ్చు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ వకీలును ఉచితంగా పెడతారు.

మా ఆఫీసుకైనా, ఇంకెక్కడికైనా, వచ్చేముందు ఒకసారి చేనుకు పోయి రండి. నాలుగు దిక్కుల వాళ్ల పేర్లు తండ్రి పేర్లతో సహా ఒక కాగితం మీద రాసుకొని జేబులో పెట్టుకోండి. శుక్రవారం దాకా మాత్రం ఆగకండి.