ప్రధాన సంఖ్యల నిరూపణలో ఒక్క వాక్యం సరిచూసుకోండి

ప్రధాన సంఖ్యలకు అంతు లేదని నిరూపించేటప్పుడు "మొదటి కొన్ని ప్రధాన సంఖ్యలను గుణించి 1 కలిపితే మరో ప్రధాన సంఖ్య వస్తుంది" అని రాయకండి. ఆ వచ్చిన సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా మనం గుణించిన సంఖ్యల జాబితాలో ఉండదని రాస్తే చాలు. జాబితాలోని ప్రతి సంఖ్య కూడా ఆ లబ్ధాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి, 1 కలిపాక దేనితో భాగించినా శేషం 1 మిగులుతుంది. నిరూపణకు ఆయువుపట్టు ఇదే.

పొరపాటు ఎందుకు జరుగుతుందో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. 2×3+1, 2×3×5+1 అంటూ పోతే 7, 31, 211, 2311 వరుసగా ప్రధాన సంఖ్యలే రావడంతో, ఇక ఎప్పుడూ ఇంతేననే నమ్మకం కుదురుతుంది. మరుసటి మెట్టులోనే 2×3×5×7×11×13+1 = 30031 వస్తుంది, అది 59×509.

క్రీ.పూ. 300 ప్రాంతపు గ్రీకు గణితవేత్త యూక్లిడ్ ఇక్కడ జాగ్రత్తగానే ఉన్నాడు. తన గ్రంథం 'ఎలిమెంట్స్' తొమ్మిదో పుస్తకం 20వ ప్రతిపాదనలో, సంఖ్యలను రేఖాఖండాలుగా గీసే తన పద్ధతిలోనే మూడు ప్రధాన సంఖ్యలను తీసుకుని, వచ్చిన సంఖ్య ప్రధానమైతే ఏమిటి, కాకపోతే ఏమిటి అని రెండు సందర్భాలనూ విడివిడిగా పరిశీలించాడు.

చేతిలో కాగితం లేకపోతే 3, 5 తీసుకోండి: 3×5+1 = 16, దాన్ని భాగించే ఏకైక ప్రధాన సంఖ్య 2. కొత్తగా దొరికేది జాబితాలోని వాటికన్నా పెద్దదే కానక్కర్లేదు.