పాత డైరీలు, పాటిదిబ్బలు – 4వ పాఠం: ముందు ఏడాది తేల్చండి

పోయిన పాఠంలో డైరీలో కనపడ్డ ఊరి పేరు పట్టుకుని పాటిదిబ్బ, అంటే పాడుబడ్డ ఊరి దిబ్బ, వెతకమన్నాను కదా, చాలామంది వెళ్ళొచ్చి "అక్కడేం లేదండీ, ఒట్టి చేలే" అన్నారు. మీరు పంపిన పేజీలు చూస్తే తేడా దిబ్బ దగ్గర కాదు, ఏడాది దగ్గరే వచ్చింది. అందుకని ఇవాళ చెప్దామనుకున్న కుండపెంకుల సంగతి వచ్చేసారికి జరిపేశాను.

శు అంటే శుద్ధం, బ అంటే బహుళం, భౌమవారం మంగళవారం, స్థిరవారం శనివారం, ఇవన్నీ మీకొచ్చు, మళ్ళీ చెప్పను.

అసలు చిక్కేంటంటే, "నందన" అని సంవత్సరం పేరు కనపడగానే నెట్‌లో కొట్టి మొదట వచ్చిన ఏడాది రాసేసుకుంటున్నారు. దయచేసి అలా చెయ్యొద్దు. ఆ పేరు 60 ఏళ్ళకోసారి తిరిగొస్తుంది: 1832, 1892, 1952. ఒకరు పేజీలో కరువు మాట చూసి, గుంటూరు సీమ నందన కరువే ఇది, కాబట్టి 1832, ఊరు ఆ కరువులోనే పాడుబడింది అని తేల్చేశారు. అదే పేజీలో కిందకి చూస్తే "కాలవకి నీళ్ళు ఇంకా వదల్లేదు" అనుంది! బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయింది 1855లో, మరి 1832లో ఆ పొలాలకి ఆనకట్ట కాలవ ఎక్కడిది? సో 1832 కొట్టెయ్యాలి. ఇక 1892 లేదా 1952. బస్సు, రేషను, ఓటు లాంటి మాటలేవీ లేవు కాబట్టి 1892 వైపు మొగ్గుతాం, కానీ లేనిదాన్ని చూసి ఖాయం చెయ్యకూడదు, తిథీ వారమూ రెండూ రాసుంటే ఆ రెండేళ్ళ పంచాంగాలతో సరిచూడండి, చాలాసార్లు ఒక్క ఏడాదికే కుదురుతుంది. 1892 అని తేలితే అప్పటికి ఆ ఊళ్ళో ఇంకా మనుషులున్నట్టే, అంటే ఊరి పేరు ఆ తర్వాతి సర్వే పటాల్లో వెతకాలి, కరువు కథల్లో కాదు.

ఇంకోటి, సంవత్సరం ఉగాదికి మారుతుంది. ధాత 1876లో మొదలైంది గానీ ధాత మాఘం అంటే 1877 వచ్చేసినట్టే.

ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల ఏడాది అంకె, ఉంటే నాకు ప్రాణం లేచొస్తుంది, 590 కలిపితే చాలు, 60 ఏళ్ళ గోల లేదు. కాకపోతే మద్రాసు వైపు ఫసలీ జూలై 1న మొదలవుతుంది, నిజాం వైపు అక్టోబరు 6న, ఆజూర్ నెలతో మొదలయ్యేది. 1342 ఫసలీ తీర్ అని ఉంటే 590 కలిపి 1932 అని ఆగిపోకండి, తీర్ ఎనిమిదో నెల, అప్పటికి 1933 మే నడుస్తోంది.

ఏడాది తేలాక రెవెన్యూ ఊళ్ళ లిస్టులో ఆ పేరు బేచిరాగ్, అంటే జనం లేని ఊరు, అని ఉందేమో చూడండి. జనం లేకపోయినా భూమి లెక్కల్లో పేరు బతికే ఉంటుంది. నేనైతే ముందు గొర్రెలకాపర్లనే అడుగుతా, పాటిచేను, పాతూరు, కోటదిబ్బ ఎక్కడో వాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. దిబ్బ ఎత్తుగా లేదని వెనక్కి రావద్దు, పాటిమన్ను ఎరువుకి మంచిదని బళ్ళకెత్తి పొలాలకి తోలేసుకున్నారు, చాలాచోట్ల నేల చదునైపోయింది. బూడిదరంగు మట్టి, ఇళ్ళు లేనిచోట ఒంటరిగా ఆంజనేయస్వామి, పూడిపోయిన బావి, ఇవి చూడండి. తవ్వొద్దు, ఫోటో తీసి ఎక్కడిదక్కడే వదిలెయ్యండి, పాతిపెట్టిన నాణేలు గట్రా దొరికితే కలెక్టరుకి చెప్పాలని 1878 నాటి చట్టమే ఉంది.

అభ్యాసం: మీ డైరీలో సంవత్సరం పేరు మాత్రమే ఉన్న పేజీ ఒకటి తీసి, 1800 నుంచి వచ్చిన ఆ పేరు ఏళ్ళన్నీ రాయండి. ఒక్కొక్కటీ కొట్టేస్తూ, ఏ మాట చూసి కొట్టేశారో ఆ మాట పక్కనే రాయండి. రెండు ఏళ్ళు మిగిలితే రెండూ ఉంచి పంపండి, ఒకటి ఊహించి పంపొద్దు.